మామిడిచెట్టుకు జమానతు

తోటపనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏ పురుగుకు ఏ మందు కొట్టాలని. రెండో ప్రశ్న సెలవుల గురించి. చెట్టున్న ఇంట్లో మనుషులతో ఎలా నెగ్గుకురావాలని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అడగకపోయినా చెప్తాను, రిటైరైనవాడికి ఇంకేం పని? పురుగుల వల్ల నా చేతిలో చచ్చిన చెట్లు తక్కువే. మనుషుల వల్ల పోయినవాటి సంగతి తలుచుకోవడం ఎప్పుడో మానేశాను.

నా ఉద్యోగంలో ఆఖరి మజిలీ శంషాబాద్ దగ్గర, సాతంరాయి పక్కన, బెంగుళూరు రోడ్డు మీంచి కాస్త లోపలికి వెళ్తే వచ్చే ఒక విల్లాల కాలనీ. విమానాశ్రయం మొదలైన కొత్తలో కట్టారు. గోడకు లోపల విల్లాలు, గోడకు బయట ఊరు. లోపలున్న చెట్టూ చేమా అన్నిటికీ నేను సూపర్‌వైజర్‌ని. విమానాలు మా నెత్తిమీంచే దిగేవి. అక్కడ ఎవరు ఏం మాట్లాడుతున్నా, విమానం వస్తే నోరు మూసి, అది పోయాక ఆగిన మాట దగ్గరే మళ్లీ మొదలుపెట్టేవారు. మొగుడూ పెళ్లాల పోట్లాటల్లో కూడా ఈ పద్ధతి తప్పేవారు కాదు.

ఆ కాలనీలో చెట్లన్నీ లారీల్లో వచ్చి దిగినవే, ఒక్కటి తప్ప. అది ఒక నాటు మామిడి. విల్లాలు రాకముందు అక్కడ పొలం ఉండేది, ఆ పొలం నాటి చెట్టు అది. బిల్డరు దాన్ని కొట్టకుండా ఉంచాడు. ప్రేమతో కాదు, బ్రోచర్‌లో ఫొటో బాగా వచ్చిందని. ఉంచినవాడు ఊరికే ఉంచాడా? దాని చుట్టూ ఒక విల్లా కట్టి, మొదలు దాకా చదును చేసి, లాను పరిచాడు. లాను అంటే రోజూ నీళ్లు. మామిడికేమో చలికాలంలో నీళ్లు ఆపాలి, కాస్త దాహం వేస్తేనే అది పూతకు వస్తుంది. నీళ్లు దొరికినంత కాలం ఆకులేసుకుంటూ హాయిగా కూర్చుంటుంది. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, ఏ నర్సరీలో అడిగినా చెప్తారు. మన చెట్టు అలాగే కూర్చుంది. ఒక్క పిందె లేదు.

ఆ విల్లా సారు కోస్తా నుంచి వచ్చినవాడు. విమానాశ్రయంలో సరుకుల రవాణా వైపు పెద్ద ఉద్యోగం. మంచివాడు. నాకు ఎప్పుడూ మంచివాళ్లతోనే ఇబ్బంది, చెడ్డవాళ్లతోనైతే ముందే జాగ్రత్తపడతాను.

"ఏవండీ సూపర్‌వైజర్ గారూ, ఇంత చెట్టు పెట్టుకుని పచ్చడికి కాయలు బజార్లో కొనుక్కోవాలా? మా ఆఫీసులో నవ్వుతున్నారండీ" అన్నాడు ఒకరోజు.

"చలికాలం లానుకు నీళ్లు ఆపుదాం సార్" అన్నాను.

మేడం వరండాలోంచి వింది. "లాను ఎండిపోతే ఎలాగండీ? ఇంటికొచ్చినవాళ్లు ముందు చూసేది లానే కదా."

సారు ఆమె వైపు చూశాడు, చెట్టు వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. "రెండూ అయ్యే మార్గమేదో మీరే చూడండి" అని కారెక్కాడు. ఇలాంటి మార్గాలు చూడటానికే సూపర్‌వైజర్లను పెట్టుకుంటారు.

మార్గం చెప్పింది అక్క. మా జట్టులో కలుపు తీసే ఆడవాళ్లలో పెద్దది కాబట్టి అందరూ ఆమెను అక్కా అనేవాళ్లు, నేనూ అంతే. ఇక్కడా అలాగే అంటాను. ఆ పొలం ఒకప్పుడు ఆమె అత్తగారిది. ఆ మట్టిలోనే ఇప్పుడు కాలనీ ఇచ్చిన నీలం కోటు వేసుకుని లానులో గరిక ఏరుతోంది. ఈ సంగతి ఎవరైనా జాలిగా ఎత్తితే ఆమెకు చిరాకు. "భూమి పోయింది, పని దొరికింది. ఇగ దాని ముచ్చట ఎందుకు?" అనేది.

"గొడ్డలి సూపెట్టాలె సారూ" అంది ఆ రోజు.

వాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉండేదట. చెట్టు కాయకపోతే ఇంటిపెద్ద గొడ్డలి పట్టుకుని దాని ముందుకు పోయి, "తిని కూసునుడే గాని కాసుడు లేదు, నిన్ను నరుకుత" అని తిట్టాలి. అప్పుడు ఇంకొకరు అడ్డం పడి, "ఈ ఒక్క ఏడు ఆగుండ్రి, వచ్చే ఏడు కాస్తది, నేను జమానతు ఉంట" అని బతిమాలాలి. పెద్దాయన గొడ్డలి మడమతో మొదలును ఒక్కటి తట్టి, "నీ మాట మీద వదులుతున్న" అని వెళ్లిపోవాలి. అడ్డం పడేది ఎప్పుడూ చిన్నకోడలే. కాసిన మొదటి కాయ జమానతు, అంటే పూచీ, ఉన్న మనిషిది, దాన్ని ఇంకెవరూ ముట్టరు. అక్క ఆ ఇంటికి చిన్నకోడలు. ఆ చెట్టుకు ఆమె చాలాసార్లు అడ్డం పడింది.

సారుకు ఈ మాట చెప్పగానే మొహం వెలిగిపోయింది. నీళ్లు ఆపడం కన్నా గొడ్డలి చూపడం ఎవరికైనా తేలికే. కార్తీకం పోయాక ఒక ఆదివారం పొద్దున ముహూర్తం పెట్టారు. పక్క విల్లాల వాళ్లు కాఫీ కప్పులతో సహా వచ్చారు. సారు ట్రాక్‌సూట్‌లో గొడ్డలి పట్టుకుని, "ఏమే చెట్టూ, నీకు బుద్ధుందా?" అన్నాడు. అక్క అడ్డం పడి తన మాటలు తను చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేడం వీడియో తీసింది. సాయంత్రం ఎప్పట్లాగే స్ప్రింక్లర్లు తిప్పారు, చెట్టు కడుపునిండా తాగింది.

తర్వాతి వేసవికి ఒక్క కాయ లేదు. వానలు మొదలయ్యే వేళకు సారు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆ చెట్టు కొట్టించి, అక్కడ సీసాలా మొదలు లావుగా ఉండే తాటి జాతి మొక్క పెట్టించాలని. అది కాయదు, కాస్తుందని ఎవరూ ఆశపడరు కూడా. కాలనీ కమిటీ సెక్రటరీ అనుమతి ఇచ్చేశాడు. ఈయన ఏదో ఆఫీసులో పెద్ద హోదాలో పనిచేసి రిటైరయ్యాడు. రూలు లేని చోట కూర్చోబెడితే ఆయనకు ఊపిరాడదు. కాలనీ గేట్లోంచి పనివాళ్లు ఏం పట్టుకెళ్లినా పాసు ఉండాలని, లేకపోతే పనిలోంచి తీసేయాలని రూలు పెట్టింది ఈయనే.

చెట్లు కొట్టే మనిషిని పహాడీ షరీఫ్ నుంచి పిలిపించాను. ఆయన కొమ్మలకు తాళ్లు కట్టి, లుంగీ ఎగ్గట్టి, గొడ్డలి అంచు బొటనవేలితో చూసుకుంటున్నాడు. సారు, మేడం, సెక్రటరీ వరండాలో నిలబడ్డారు. అవతలి సందులో గరిక ఏరుతున్న అక్క తట్ట అక్కడే పడేసి, పరుగులాంటి నడకతో వచ్చి, చెట్టుకు వీపు ఆనించి నిలబడింది.

"ఈ ఒక్క ఏడు ఆగుండ్రి సారూ. వచ్చే ఏడు కాస్తది. నేను జమానతు ఉంట."

మేడం నవ్వుతూ ఫోను తీసింది. "అబ్బ, ఎంత బాగా చేస్తుందో చూడండి!" సారు కూడా నవ్వాడు. వాళ్లకు అది పోయినేటి ఆటే. నిజం చెప్పాలంటే నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. అప్పుడు ఆమె చేతులు చూశాను. వెనక్కి పెట్టి మొదలును పట్టుకుంది, గోళ్లు బెరడులోకి దిగేలా. ఇది ఆట కాదని అప్పుడు తెలిసింది.

అంతలో విమానం వచ్చింది. మేమందరం అలవాటు ప్రకారం నోళ్లు మూసుకుని ఆగాం. అక్క ఆగలేదు. విమానం మోతలో ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు. మోత తగ్గేసరికి ఆమె మాటలు కూడా అయిపోయాయి.

"పోయినేడు కూడా నువ్వే హామీ ఇచ్చావు కదమ్మా" అన్నాడు సారు. "కాయలేదు కదా."

"కాయలే సారూ."

"మరి?"

"నేను కోడలిగ వచ్చినప్పటి సంది ఈ చెట్టు నా మాట పోగొట్టలే. పోయినేడు ఒక్కటే తప్పింది. ఇంకొక్కసారి సూడుండ్రి."

సారు గొడ్డలి మనిషి వైపు చూశాడు. ఆయన గొడ్డలి కింద పెట్టేశాడు. "అమ్మ అడ్డమున్నది సాబ్. నేనెట్ల కొట్టాలె? అమ్మ జరిగినంక పిలువుండ్రి" అని, జర చాయ్ దొరుకుతదా అని నన్ను అడిగాడు.

అక్కడితో అయిపోయేదే. సారు అప్పటికే మెత్తబడ్డాడు. కానీ సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "హామీ అంటే దాని వెనక ఏదో ఒకటి ఉండాలి. ఉత్త మాటకు విలువేముంది?"

"నా పని పెట్టుకోండ్రి" అంది అక్క. "కాయకుంటే తీసేయుండ్రి."

"అయ్యో, అదేంటమ్మా..." అని సారు ఏదో అనబోయాడు.

"బాగుంది. వచ్చే వేసవి దాకా. నేనే సాక్షి" అన్నాడు సెక్రటరీ. ఆయనకు చాలా రోజుల తర్వాత ఒక కొత్త రూలు దొరికింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. భర్త నడుం పడిపోయి మంచంలో ఉన్నాడు. మధ్యాహ్నం బువ్వ దగ్గర దొరకబుచ్చుకుని చడామడా తిట్టాను. "నీకేమన్న పిచ్చి లేసిందా అక్కా? పోతే చెట్టు పోతది. నీ బువ్వ దాని కొమ్మకు కట్టుడు ఏంది?"

ఆమె ముద్ద నమిలి మింగేదాకా ఆగి చెప్పింది. "అడ్డం పడుడు నా పని, పడ్డ. నీళ్లు ఆపుడు మీ పని. ఆపుండ్రి."

దసరా నుంచి ఆపాను. ఎలా ఆపానంటే, ఆ ఏడాది తెలంగాణ అంతటా సమ్మెలు, కరెంటు కోతలు. మోటారు నడవడం లేదు మేడం అంటే నమ్మింది. కాలనీలో జనరేటరు ఉంది గానీ, దాని కరెంటు మనుషులకే తప్ప గడ్డికి కాదని సెక్రటరీ రూలు. ఆ ఒక్క రూలుకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది. సమ్మెలు ఆగాయి, కరెంటు వచ్చింది. అప్పుడు ఆ విల్లా వాల్వు పాడైందన్నాను. వాల్వు బాగైందని ఎవరో మేడంకు చెప్పారు. అప్పుడు చలికి గడ్డి నిద్రపోతుందని, నిద్రలో నీళ్లు పోయకూడదని చెప్పాను. ఇందులో సగం నిజం. మిగతా సగం కూడా నేను సూపర్‌వైజర్ గొంతుతో చెప్పాను కాబట్టి చెల్లింది.

లాను గోధుమ రంగుకు తిరిగింది. ఒకరోజు సాయంత్రం చూద్దును కదా, మేడం తనే పైపు పట్టుకుని లాను తడుపుతోంది. అలా ఎన్నాళ్లనుంచి తడుపుతోందో తెలియదు. గట్టిగా అంటే నా వాల్వు అబద్ధం, నిద్ర అబద్ధం అన్నీ బయటపడతాయి. నేను ఇంకా నీళ్లు నములుతుండగానే అక్క వెళ్లి ఆమె ముందు నిలబడింది.

"అమ్మా, నీళ్లు పోస్తే ఈ చెట్టు పూయదు. పూయకుంటే నా పని పోతది."

"అదేంటి? అదంతా సరదాకి అన్నది కాదూ?"

"మీకు సరదానే అమ్మా."

మేడం పైపు వంక చూసింది, అక్క వంక చూసింది. పైపు చుట్టి గోడకు తగిలించింది. ఆ చలికాలమంతా మళ్లీ దాన్ని ముట్టలేదు. ఇంటికొచ్చినవాళ్లకు గడ్డి నిద్రపోతోందని చెప్పేదట. ఆడమనిషి సూటిగా చెప్తే ఒక్క నిమిషంలో అయిన పనికి నేను మూడు నెలలు అబద్ధాలు అల్లాను. నవ్వుకోండి.

మాఘంలో పూత వచ్చింది. చెట్టంతా కాదు, లానుకు ఎడంగా ఉన్న గోడవైపు కొమ్మలకే. అయినా ఆ వాసన గేటు దాకా వచ్చేది. పూతను పీల్చే తేనెమంచు పురుగు పట్టకుండా నేనే ఎదురుగా నిలబడి మందు కొట్టించాను. పిందెలు రాలకుండా నిలిచిన రోజున నేను నా సర్వీసులో మొదటిసారి ఒక చెట్టుకు దండం పెట్టాను. ఎవరూ చూడలేదనుకున్నాను. గొడ్డలి మనిషి పక్క విల్లాలో కొమ్మలు కొట్టడానికి వచ్చి ఉన్నాడు. "క్యా సాబ్, ఇప్పుడు కొట్టాలెనా?" అని పళ్లికిలించాడు.

సారు ఆనందం చెప్పలేను. ఆఫీసువాళ్లను పిలిచి కాయలు చూపించాడు. ఎవరూ కాయలు బయటికి పట్టుకెళ్లకుండా చూడమని గేటు దగ్గర చెప్పాడు. ఉగాది దాటాక కాయ ముదిరింది. అదే వారం ఆయనకు ఏదో పని పడి ఢిల్లీ వెళ్లాడు.

ఆ రోజు పని దిగే వేళ అక్క చెట్టు దగ్గరికి పోయి, చేతికందే కొమ్మ నుంచి ఒక్క కాయ తెంపుకుంది. కోటు జేబులో పెట్టుకోలేదు, కొంగు చాటున పెట్టలేదు. అరచేతిలో పట్టుకుని తిన్నగా గేటు దగ్గరికి నడిచింది. గేటు దగ్గర కొత్త గార్డు ఉన్నాడు, వేరే రాష్ట్రం వాడు. పాసు అడిగాడు. "పాసెందుకు? ఇది నాది" అంది. అతనికి తెలుగు రాదు. వచ్చినా అర్థమయ్యేది కాదు. సెక్రటరీకి ఫోను చేశాడు.

నేను ఆఫీసు గదికి చేరేసరికి కాయ బల్ల మీద ఉంది. తొడిమ దగ్గర సొన ఇంకా ఆరలేదు. సెక్రటరీ కుర్చీలో ఉన్నాడు, అక్క నిలబడి ఉంది.

"దొంగతనం" అన్నాడు సెక్రటరీ.

"కాదు సార్" అని నేను ఆ పద్ధతి సంగతి మొదలుపెట్టాను. జమానతు, మొదటి కాయ, చిన్నకోడలు. ఆ గదిలో, ఆ ట్యూబులైటు కింద చెప్తుంటే నా చెవులకే అది పిచ్చివాడి మాటలా వినపడింది. మధ్యలో విమానం ఒకటి వచ్చింది. ఆగాను. అది పోయాక ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు.

"ఇవన్నీ మా రూల్సులో లేవు" అన్నాడాయన.

సారుకు ఫోను చేశాను. అందుబాటులో లేడు, గాలిలో ఉన్నాడు. అప్పుడు మేడం పరుగెత్తుకుంటూ వచ్చింది, ఇంట్లో చెప్పులతోనే. ఎవరో చెప్పినట్టున్నారు. సెక్రటరీతో మాట్లాడే ముందు అక్కను తలుపు దగ్గరికి లాగింది. నేను పక్కనే ఉన్నాను, విన్నాను.

"కాయ నేనే ఇచ్చానని చెప్పేస్తాను. నువ్వు ఊఁ అను చాలు. పాసు రాసివ్వడం నేనే మరిచిపోయానంటాను."

నా ప్రాణం లేచొచ్చింది. ఎంత చిన్న మాట! చెట్టు కోసం మూడు నెలలు రోజుకో అబద్ధం ఆడినవాణ్ని నేను. ఒక్క ఊఁ అంటే ఆమె పని నిలబడుతుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, అందరం ఇళ్లకు పోవచ్చు.

"మీరియ్యలే గదమ్మా" అంది అక్క.

"ఇవ్వలేదు. అయినా అలా అందాం."

"మీరిచ్చిన్రంటే అది మీదైతది. గా కాయ నాది. నా పని అడ్డం పెట్టి నిలబెట్టుకున్న. నాది నేను తెంపుకున్న."

"అక్కా, నీకు దండం పెడతా, ఊఁ అను" అన్నాను. నిజంగానే చేతులు జోడించాను. కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియదు. ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు. తెలిసిన మనిషి ఏదో తెలియని భాష మాట్లాడితే చూసినట్టు చూసింది.

సెక్రటరీ తన పని తను చేశాడు. రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు. చెట్టు కాయకపోతే తీసేస్తామన్న మనిషిని, చెట్టు కాసినందుకు తీసేశారని ఆయనకు చెప్పి చూశాను. రెండూ వేరే వేరే రూల్సు అన్నాడు. అక్క కోటు విప్పి, మడత పెట్టి, కుర్చీ మీద ఉంచింది. తర్వాత బల్ల మీద చెయ్యి చాపి కాయ తీసుకుంది.

"అది ఇక్కడే ఉండాలి" అన్నాడు సెక్రటరీ.

"పని మీది సారూ, తీసేస్కోండ్రి. కాయ నాది."

ఆమె వెళ్తుంటే సెక్రటరీ లేవలేదు. తలుపు దగ్గర నిలబడ్డ మేడం పక్కకు జరిగింది. గేటు దగ్గర ఆ కొత్త గార్డు పాసు అడగలేదు. ఎందుకో లేచి నిలబడి గేటు తీశాడు.

ఢిల్లీ నుంచి రాగానే సారు మండిపడ్డాడు. కమిటీతో గట్టిగా పోట్లాడాడు. ఆమెను వెనక్కి తీసుకోవడానికి ఒప్పించాడు. మంచివాడని ముందే చెప్పాను కదా. ఆ కబురు పట్టుకుని నేను గోడ అవతలి ఊరికి, ఆమె ఇంటికి పోయాను. అక్క రోటి దగ్గర ఉంది. లోపల మంచం మీంచి భర్త, "ఎవరే?" అని అడిగితే, "మా సారు" అని చెప్పి, పెచ్చులెగిరిన గిన్నెలో ఇంత వేడి బువ్వ, దాని మీద అప్పుడే నూరిన మామిడి తొక్కు ఇంత వేసి నా ముందు పెట్టింది. అది ఏ చెట్టు కాయో నేను అడగలేదు. పులుపూ కారమూ నషాళానికంటాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం వల్లే అనుకోండి.

"సారు పిలుస్తుండు అక్కా. కమిటీ కూడ ఒప్పుకున్నది. ఎప్పుడొస్తవ్?"

"రాను సారూ."

"ఎందుకు? ఇగ ఎవరేమంటరు?"

ఆమె రోలు చుట్టూ పడ్డ తొక్కును వేలితో తీసి గిన్నెలో వేస్తూ చెప్పింది. "చెట్టుకైతే ఏడాదికొక్కసారే సూపెడతరు గొడ్డలి. మాకు రోజూ సూపెడతరు."

నేను బువ్వ పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని లేచాను. సారుకు ఏం చెప్పాలా అని దారంతా ఆలోచించాను. గేటు దాకా వచ్చినా ఏమీ తట్టలేదు. ఆమెకు ఒంట్లో బాగోలేదని చెప్పాను.